ఆ నాలుగో పేజీని తిరిగి చేర్చండి: విశ్వవిద్యాలయాల పాలకమండళ్లకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాలకమండలి సభ్యులకు, పూర్వ విద్యార్థుల సంఘాల బాధ్యులకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

నేను అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసి పన్నెండేళ్లు దాటింది. అప్పటినుంచి నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలో పేద విద్యార్థుల హాస్టలు ఖర్చుల కోసం పెట్టిన శాశ్వత నిధికి విరాళాలు పోగుచేసే పనిలో ఉన్నాను. జీతం లేని పని. వరుస నంబర్లు వేసిన రసీదు పుస్తకం, కార్బన్ కాగితం, పాత విద్యార్థుల చిరునామాలు రాసుకున్న నోటుబుక్కు, వీటిని పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి ఉంటే ఈ పనికి చాలు. ఆ సంచితో నేను ఎక్కిన మెట్లలో మంత్రుల ఇళ్లవీ ఉన్నాయి, రెండు గదుల పెంకుటిళ్లవీ ఉన్నాయి. ఈ లేఖను ఆ ఒక్క విశ్వవిద్యాలయానికే పంపవచ్చు. కానీ ఇదే పని చేస్తున్న మిత్రులు మరికొన్ని ఊళ్లలో ఉన్నారు. వాళ్లతో మాట్లాడినప్పుడు నాకు ఎదురైనదే వాళ్లకూ ఎదురవుతున్నదని తెలిసింది. అందుకే అందరినీ ఉద్దేశించి బహిరంగంగా రాస్తున్నాను.

డిసెంబరు 25న మదనమోహన మాలవీయ జయంతి. ఆ రోజున దాతల సమావేశం జరపాలని, విరాళాలు అడిగి కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్నే నిలబెట్టిన ఆయన జీవితాన్ని ఎనిమిది పేజీల చిన్న పుస్తకంగా అచ్చువేసి వచ్చినవారికి పంచాలని మా సంఘం నిర్ణయించింది. రాసే పని నాకు అప్పగించింది. నేను రాసి ఇచ్చాను. వారం తర్వాత ప్రూఫ్ తిరిగి వచ్చింది. ఏడు పేజీల మీద అచ్చుతప్పుల గుర్తులు తప్ప ఏమీ లేవు. నాలుగో పేజీకి మాత్రం ఒక మూల నుంచి ఎదురుమూలకు ఎర్రసిరాతో అడ్డగీత కొట్టి, మార్జినులో రెండే మాటలు రాశారు: 'రాజకీయం, వద్దు.' 1930, 1932, 1933 సంవత్సరాల్లో మాలవీయ అరెస్టయిన సంగతి చెప్పే పేజీ అది. కారణం అడిగితే బాధ్యులు నొచ్చుకోకుండా, మర్యాదగానే చెప్పారు: "దాతల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, పెద్ద అధికారులు వస్తారు. శుభమా అని విరాళాల సభ పెట్టుకుని జైలు మాట ఎందుకండీ మాస్టారూ?"

వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. నిధి పెరగాలనే తాపత్రయం నాకెంత ఉందో వాళ్లకూ అంతే ఉంది. కానీ ఆ పేజీ లేకపోతే మిగిలిన ఏడు పేజీలు అబద్ధమవుతాయని నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే ఆ మనిషి జీవితాన్ని మొదటినుంచి మీ ముందు పెట్టక తప్పదు.

మాలవీయ 1861లో అలహాబాదులో పుట్టారు. తండ్రి భాగవతం చెప్పుకొని సంసారం ఈదిన పురాణికుడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. 1884లో బీఏ పూర్తయింది. పై చదువుల మీద మనసున్నా, ఇంటి పరిస్థితి చూసి నెలకు నలభై రూపాయల జీతానికి బడిపంతులుగా చేరారు. 1886లో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కలకత్తాలో జరిగిన కాంగ్రెసు రెండో మహాసభలో ఆ పాతికేళ్ల పంతులు మాట్లాడితే పెద్దలంతా తలతిప్పి చూశారు. ఆ ఉపన్యాసం విన్న కాలాకాంకర్ రాజా రాంపాల్ సింగ్ ఆయనను తన 'హిందుస్థాన్' పత్రికకు సంపాదకుడిగా తీసుకెళ్లారు. ఆ తర్వాత లా చదివి, అలహాబాదు హైకోర్టులో వకీలుగా మంచి పేరు, మంచి రాబడి తెచ్చుకున్నారు. ఆయన తొలి పెద్ద వసూళ్లలో ఒకటి అలహాబాదులో హిందూ విద్యార్థుల వసతి గృహం కోసం జరిగింది. అది 1903 నాటికి నిలబడింది. ఊరు కాని ఊళ్లో చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడికి ముందు కావలసినవి తిండీ నీడా అని ఆయనకు తెలుసు. హాస్టలు నిధికి తిరుగుతున్నవాణ్ని కాబట్టి ఆయన జీవితంలో ఈ చిన్న వివరం దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను.

1905లో కాంగ్రెసు మహాసభ కాశీలో జరిగింది. అక్కడ ఒక విశ్వవిద్యాలయం కట్టాలనే ఆలోచనను మాలవీయ ఆ రోజుల్లోనే ప్రజల ముందు పెట్టారు. అది కాగితం మీదినుంచి నేల మీదికి రావడానికి పదేళ్లు పైగా పట్టింది. 1911లో అనీబిసెంట్ తన సెంట్రల్ హిందూ కళాశాలతో సహా ఆయనతో చేయి కలిపారు. దర్భంగా మహారాజు రామేశ్వర సింగ్ అధ్యక్షుడిగా సంఘం రిజిస్టరయింది. కోటి రూపాయలు లక్ష్యంగా పెట్టుకున్నారు. బియ్యం రూపాయకు శేర్ల లెక్కన దొరికిన రోజుల్లో కోటి అంటే ఎంతో మనకు ఇప్పుడు ఊహకు అందదు. మాలవీయ నల్లకోటు విడిచి, రాజులను వెంటబెట్టుకొని రైళ్లలో ఊరూరా తిరిగారు. దర్భంగా, బికనీర్, ఉదయపూర్, మైసూరు, కాశ్మీరు సంస్థానాల నుంచి డబ్బు వచ్చింది. కాశీరాజు భూమి ఇచ్చారు. ఇవాళ ఆ ప్రాంగణం పదమూడు వందల ఎకరాల విస్తీర్ణంలో ఉంది. రాజుల లక్షలు వచ్చిన ఆ ఖాతాలోనే కూలీలు, గుమస్తాలు ఇచ్చిన అణాలూ చేరాయి. 1915లో చట్టం వచ్చింది. 1916 ఫిబ్రవరి 4న వైస్రాయి హార్డింజ్ శంకుస్థాపన చేశారు. యాచకులలో రాజు అని ఆయనకు వచ్చిన పేరు ఊరికే రాలేదు.

ఇక్కడ ఒక మాట. హైదరాబాదు నిజాము చెప్పు విసిరితే మాలవీయ దాన్ని బజారులో వేలం పెట్టారనే కథ మన దగ్గర ప్రతి విరాళాల సభలోనూ ఎవరో ఒకరు చెబుతారు, సభ చప్పట్లు కొడుతుంది. ఆ కథకు ఆధారమైన కాగితం ఒక్కటీ ఇన్నేళ్లలో ఎవరూ నాకు చూపలేదు. నిజాము ఆ విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు ఇచ్చారన్నది మాత్రం కాగితాల మీద ఉన్న సంగతి. ఆధారం లేని చెప్పు కథను వేదిక మీద చెప్పడానికి మనకు సంకోచం లేదు, తేదీలతో సహా నమోదైన అరెస్టులను అచ్చువేయడానికి వచ్చేసరికి జంకుతున్నాం. పాలకమండళ్లలో చరిత్ర ఆచార్యులూ ఉన్నారు. ఈ తేడాను వారు గమనించాలని నా మనవి.

శంకుస్థాపన జరిగిన రెండు రోజులకు, ఫిబ్రవరి 6న, అదే పందిట్లో గాంధీ మాట్లాడారు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి అప్పటికి ఏడాది పైచిలుకే అయింది. ఎదురుగా నిలువెల్లా నగలతో కూర్చున్న మహారాజులను చూపి, ఆ నగలు విప్పి ప్రజల కోసం ధర్మకర్తలుగా ఉంటే తప్ప ఈ దేశానికి విముక్తి లేదన్నారు. అనీబిసెంట్ ఆపమన్నారు, రాజులు లేచి వెళ్లిపోయారు, సభ అర్ధంతరంగా ముగిసింది. ఆ రాజులలో ఒక్కొక్కరి దగ్గరికీ ఎన్నిసార్లు తిరిగి, ఎన్ని గుమ్మాలలో కాచుకుని మాలవీయ వాళ్లను ఆ పందిట్లోకి తెచ్చారో, విరాళం అడిగిన అనుభవం ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఒక దాతకు కోపం వస్తే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టదు. అక్కడ ఒక్క గంటలో దాతల వరుసంతా లేచిపోయింది. అయినా గాంధీకి ఆ విశ్వవిద్యాలయం గుమ్మం మూసుకోలేదు. 1942 జనవరిలో రజతోత్సవ స్నాతకోపన్యాసం ఇవ్వడానికి వచ్చినది ఆ గాంధీయే. మాలవీయ అప్పటికి ఎనభై దాటిన వృద్ధుడు.

అలాగని మాలవీయ ఎప్పుడూ గాంధీ వెంట నడిచినవారు కారు. సహాయ నిరాకరణ రోజుల్లో ప్రభుత్వ సంబంధమున్న కళాశాలలను వదిలి రమ్మని గాంధీ విద్యార్థులను పిలిచారు. మాలవీయ ఆ పిలుపును బాహాటంగా వ్యతిరేకించారు. అక్కడ పాఠం చెబుతున్న ఆచార్య కృపలానీ విద్యార్థులను వెంటబెట్టుకొని బయటికి నడిచారు. 1921 ఫిబ్రవరిలో అదే కాశీలో కాశీ విద్యాపీఠం వెలిసింది. ఆ ఏడాది చివర దేశమంతా బహిష్కరించిన వేల్స్ యువరాజును తన ప్రాంగణానికి పిలిచి గౌరవ పట్టా ఇచ్చారన్న నింద కూడా మాలవీయ మోశారు. ఆయన హిందూ మహాసభ నాయకుడు కూడా. ఆయన మత రాజకీయాలతోనూ, వర్ణాశ్రమం విషయంలో ఆయనకున్న పట్టుదలలతోనూ నాకు ఏనాడూ ఏకీభావం లేదు, ఇప్పుడూ లేదు. 1932లో శాసనసభల్లో దళితుల సీట్ల గురించి కుదిరిన పూనా ఒడంబడిక మీద అంబేద్కరు సంతకంతో పాటు ఆయన సంతకమూ ఉంది. దాన్ని ఎలా చదవాలన్న చర్చ ఇంకా ముగియలేదు. ఇవన్నీ నేను రాసిన పుస్తకంలో ఉన్నాయి, వాటి జోలికి ఎర్రసిరా రాలేదు. యువరాజుకు పట్టా ఇవ్వడం కూడా రాజకీయమే. అది మా సంఘానికి అభ్యంతరం కాలేదు.

విశ్వవిద్యాలయం భారం నెత్తిన ఉండగానే మాలవీయ చేసిన మరికొన్ని పనులు గుర్తుచేస్తాను. కూలీలను ఏళ్ల ఒప్పందం మీద కట్టి సముద్రాల అవతలికి పంపే పద్ధతిని రద్దు చేయాలని 1916లో సామ్రాజ్య శాసనమండలిలో తీర్మానం పెట్టినవారు ఆయనే. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి అలా ఓడలెక్కిన మన తెలుగు కుటుంబాల మనుమలు ఇవాళ ఫిజీలో, మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలో ఉన్నారు. 1919లో విచారణ లేకుండా నిర్బంధించనిచ్చే రౌలట్ చట్టానికి నిరసనగా ఆయన శాసనమండలి సభ్యత్వానికి రాజీనామా చేశారు. రైతులు పోలీసు ఠాణాను తగలబెట్టిన చౌరీ చౌరా కేసులో సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసినప్పుడు, ఎప్పుడో విడిచిన నల్లకోటును 1923లో మళ్లీ తొడిగి హైకోర్టులో వాదించారు. చివరికి ఉరి ఖాయమైనది పందొమ్మిది మందికి. మిగిలిన నూటయాభై పైచిలుకు ప్రాణాలు దక్కాయి. ఆ రైతులలో ఆయన విశ్వవిద్యాలయానికి చందా ఇచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో.

ఇక ఎర్రసిరా పడిన పేజీ.

1930 ఏప్రిల్‌లో, ఉప్పు సత్యాగ్రహం సాగుతుండగా, మాలవీయ కేంద్ర శాసనసభకు రాజీనామా చేశారు. అప్పటికి ఆయన పదేళ్లకు పైగా ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. ఆగస్టు 1 తిలక్ పదో వర్ధంతి. బొంబాయిలో ఊరేగింపు బయలుదేరింది. వల్లభభాయి పటేల్, మాలవీయ ముందువరుసలో ఉన్నారు. బోరీబందరు దగ్గర పోలీసులు దారి మూసేశారు. జనం వెనక్కి పోలేదు, అక్కడే రోడ్డు మీద కూర్చున్నారు. వాన మొదలైంది. బొంబాయి శ్రావణమాసపు వాన ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు. తెల్లని తలపాగా, తెల్లని అంగరఖా, మెడలో మడత నలగని తెల్లని ఉత్తరీయం, నుదుట చందనం బొట్టు లేనిదే మనుషుల ముందుకు రాని అరవై ఎనిమిదేళ్ల ఉపకులపతి ఆ రాత్రంతా వానలో, తారురోడ్డు మీద, ఆ జనంతో పాటు కూర్చున్నారు. తెల్లవారాక నాయకులను అరెస్టు చేశారు. కొద్ది రోజులకే బయటికి వచ్చిన ఆయనను ఆ ఆగస్టు నెలాఖరులోనే ఢిల్లీలో, డాక్టర్ అన్సారీ ఇంట్లో కాంగ్రెసు కార్యవర్గం సమావేశమై ఉండగా మళ్లీ పట్టుకున్నారు. ఈసారి ఆరు నెలల శిక్ష పడింది. 1932లో నిషేధంలో ఉన్న కాంగ్రెసు ఢిల్లీ మహాసభకు అధ్యక్షుడిగా ఎన్నికై వస్తుంటే దారిలోనే అరెస్టు చేశారు. 1933లో కలకత్తా మహాసభకు వెళుతుంటే అసన్సోలులో రైలు నుంచి దింపేశారు. అప్పుడు ఆయన స్థానంలో నెల్లీ సేన్‌గుప్తా అధ్యక్షత వహించారు. ఆయన అప్పటికి డెబ్బై ఒకటి నిండిన మనిషి.

తొందరపాటుతో జైలుకు వెళ్లిన మనిషి కాదని ఇంతకుముందు రాసినదంతా చెబుతుంది. ఆయన పోగొట్టుకోగలిగినంత అప్పటి నాయకులలో చాలామందికి లేదు. రాజులు ఇచ్చే విరాళం, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు, అప్పటికి ఇంజినీరింగు నుంచి ఆయుర్వేదం దాకా పెరిగిన కళాశాలలు, వేలమంది పిల్లలు, ఇవన్నీ ఆయన ప్రతి అడుగుకూ లెక్కలోకి వస్తాయి. లెక్క వేసుకునే ఆయన రోడ్డు మీద కూర్చున్నారు. ఆ విశ్వవిద్యాలయ పాలకమండలి ఏం చేసిందన్నది మీరు మరీ గమనించవలసిన సంగతి. 1919లో ఆ కుర్చీలో కూర్చున్న ఆయన 1938 వరకు ఉపకులపతిగానే ఉన్నారు. మూడేళ్లలో నాలుగుసార్లు అరెస్టయినా ఆ కుర్చీ ఆయనదిగానే ఉంది. ఆ మండలిలో సర్ బిరుదులున్నవారు ఉన్నారు, సంస్థానాల పెద్దలు ఉన్నారు, ప్రభుత్వంతో నిత్యం పనిపడేవారు ఉన్నారు. వాళ్లకు లేని భయం ఇవాళ ఎనిమిది పేజీల పుస్తకం దగ్గర మనకెందుకు రావాలి?

ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినది మన సర్వేపల్లి రాధాకృష్ణన్. 1942 ఆగస్టులో సైన్యం ఆ ప్రాంగణంలోకి దిగింది. విశ్వవిద్యాలయాన్ని యుద్ధ ఆస్పత్రిగా మార్చేస్తానని గవర్నరు హాలెట్ బెదిరిస్తే, రాధాకృష్ణన్ ఢిల్లీ వెళ్లి పెద్దలతో మాట్లాడి దాన్ని కాపాడుకొచ్చారు. అంతకుముందు ఆయన కూర్చున్న మరో కుర్చీ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. ఆ కుర్చీని అంతకుముందు కట్టమంచి రామలింగారెడ్డి, సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగిస్తున్న దమనకాండకు నిరసనగా వదిలేసి వెళ్లారు. ఆ విశ్వవిద్యాలయానికే జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. మహారాజు విరాళానికీ కట్టమంచి రాజీనామాకూ ఒకే చరిత్రలో చోటు ఉంది, ఒకటి చెప్పి రెండోది దాచవలసిన అవసరం ఆ పెద్దలకు కనిపించలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా హాస్టళ్ల నుంచి, కళాశాలల నుంచి బయటికి పోయిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పీవీ నరసింహారావు వాళ్లలో ఒకరు. కాశీలో న్యాయశాస్త్రం చదివిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి యుద్ధం గురించి పుస్తకం రాసినందుకు 1940లో జైలుకు వెళ్లారు. ఒకరు ప్రధానమంత్రి అయ్యారు, ఇంకొకరు జీవితాంతం రాజ్యంతో పోరాడుతూనే పోయారు. చదువుల చరిత్రలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. జైలు పేజీలన్నీ కొట్టేస్తే మన విశ్వవిద్యాలయాల చరిత్రలో అచ్చువేయడానికి పునాదిరాళ్ల మీది పేర్లు తప్ప ఏం మిగులుతుంది?

నా సంగతి కూడా చెప్పకుండా ఈ లేఖ ముగిస్తే మీకు పూర్తి నిజం చెప్పినవాణ్ని కాను. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన తర్వాత, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా నన్ను ఆంతరంగిక భద్రతా చట్టం (మీసా) కింద పట్టుకెళ్లారు. విచారణ లేదు, నేరం ఏమిటో రాసిన కాగితమూ లేదు. మేము నడిపిన చదువరుల బృందమూ, గోడమీద అంటించిన రెండు వ్యాసాలూ తప్ప నేను చేసింది ఏమీ లేదు. ఏడు నెలలు లోపల ఉన్నాను. పరీక్ష ఫీజు కట్టవలసిన గడువు నేను లోపల ఉండగానే వచ్చింది, మా ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు, తెలిసినా కట్టే స్థితిలో లేరు. విడుదలై హాస్టలుకు పోయి నా పెట్టె తీసుకుంటుంటే, మెస్సులో మాకు వడ్డించే పెద్దాయన కండువా ముడి విప్పి ఒక రసీదు నా చేతిలో పెట్టాడు. ఫీజు ఆయన కట్టాడు. రసీదు మీద నా పేరు, దాని కింద 'చెల్లించినవారు' అన్నచోట నీలిరంగు వేలిముద్ర ఉన్నాయి. ఆ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "సదువు మానీకు బాబూ, అది సాలు" అన్నాడు. ఆ ఏడాది నా పరీక్ష ఆయన వల్ల దక్కింది. నేను ఈ హాస్టలు నిధికి తిరగడానికి మూలం ఆ రసీదే. ముడతల దగ్గర చిరిగిపోయింది, ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాను.

నిర్బంధం ఆ ఏడు నెలలతో పోలేదు. ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ప్రతిసారీ 'మీరు ఎప్పుడైనా నిర్బంధంలో ఉన్నారా' అన్న గడి దగ్గర కలం ఆగేది. ఒక కళాశాలలో నన్ను ఎంపిక చేసి, ఆ గడిలో 'అవును' చూశాక చేర్చుకోలేదు. ఆ కళాశాల పేరు నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. వేరే చోట చేరి ముప్పై ఏళ్లు పాఠం చెప్పుకున్నాను.

విరాళాలకు తిరగడం మొదలుపెట్టాక ఆ 'అవును' వల్ల నాకు నష్టం జరుగుతుందని నేనే భయపడ్డాను. నాలుగేళ్ల కిందట ప్రయోగశాలలో అటెండరుగా పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పింఛనులోంచి తీసిపెట్టిన వెయ్యి రూపాయలు నా చేతికిస్తూ ఆయనన్న మాట ఇది: "మీరు ఎమర్జెన్సీల జైలుకెళ్లినోరంట గదా బాబూ. ఆళ్ళకే లొంగనోరు ఈ ఎయ్యి రూపాయలకు లొంగుతారేటి? రసీదు రాయకపోయినా పర్లేదు." రసీదు రాసే ఇచ్చాను. బ్యాంకు హామీకన్నా, ఆడిటరు సంతకంకన్నా ఆ ఇంట్లో నాకు పనికివచ్చినది నేను దాచుకోవాలనుకున్న ఆ ఏడు నెలలే. డబ్బు ఇచ్చేవాడు చూసేది చేయిచాచిన మనిషి దేనికి నిలబడ్డాడు, దేనికి అమ్ముడుపోలేదు అన్నదే. మాలవీయ అడిగితే జనం ఎందుకు ఇచ్చారో నాకు ఆ నులకమంచం మీద అర్థమైంది. జైలు మాట వింటే దాతలు జంకుతారని అనుకుంటున్నవారు దాతల ఇళ్లకు ఎంతవరకు వెళ్లి చూశారో నాకు తెలియదు. నేను పన్నెండేళ్లుగా వెళుతున్నాను. అందుకు జంకి వెనక్కి తగ్గిన దాత నాకు ఒక్కరూ తగలలేదు. లెక్క చూపని సంఘానికి మాత్రం మళ్లీ ఇవ్వరు.

అందువల్ల నేను మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. డిసెంబరు 25న మీరు పంచబోయే పుస్తకాల్లో, మీ ప్రాంగణాల్లో పెట్టబోయే ఫలకాల మీద, మాలవీయను విరాళాల సేకర్తగా చెబితే ఖైదీగా కూడా చెప్పండి. మీ పూర్వ విద్యార్థుల జాబితాలో అభిప్రాయాల కోసం నిర్బంధానికి గురైనవారు ఏ పక్షంవారైనా ఉంటే, సన్మానాల్లోంచి వారి పేర్లను ఎవరి ముఖం చూసీ తప్పించకండి. కమ్యూనిస్టులు ఉంటారు, సంఘ్ మనుషులు ఉంటారు, సోషలిస్టులు, తెలంగాణ ఉద్యమకారులు, ప్రత్యేకాంధ్రవాదులు ఉంటారు. నాతో పాటు ఒకే బ్యారకులో వీళ్లలో మూడు రకాలవారు ఉన్నారు, ఒకే కుండ నీళ్లు తాగాం. హాస్టలులో చేరేటప్పుడు 'ఎటువంటి రాజకీయ కార్యకలాపంలోనూ పాల్గొనను' అని పిల్లల చేత సంతకం చేయించుకునే హామీపత్రాలు కొన్నిచోట్ల నేను చూశాను. హాస్టలు క్రమశిక్షణకు వేరే నియమాలు ఉన్నాయి, ఆ ఒక్క వాక్యాన్ని తీసివేయండి. మాలవీయ ఆ కాగితం మీద సంతకం చేయలేరు. ఆయన పేరు చెప్పి పోగుచేసిన నిధి డబ్బు ఆ సంతకం షరతు మీద ఒక పిల్లవాడికి చేరడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక మా సంఘం బాధ్యులకు ఒక మాట. అడ్డగీత కొట్టిన ప్రూఫు నా దగ్గరే ఉంది. ఆ పేజీని మళ్లీ చదివి, ఒక తేదీ దగ్గర ఒక అక్షరదోషం దిద్దాను, అంతకుమించి ఏమీ మార్చలేదు. ప్రెస్సువాళ్లను అడిగాను, డిసెంబరు 15 లోపు ఇస్తే ఎనిమిది పేజీలూ వేయగలమన్నారు. కాగితం ఖర్చు పెరుగుతుందంటే ఆ ఒక్క పేజీ ఖర్చు నేను భరిస్తాను, దానికి రసీదు కూడా రాసుకుంటాను. మీ నుంచి కబురు వచ్చేదాకా ఆ ప్రూఫు నా గుడ్డసంచిలో రసీదు పుస్తకం పక్కనే ఉంటుంది.

భవదీయుడు,
హాస్టలు నిధికి విరాళాలు సేకరించే ఒక పూర్వ విద్యార్థి